సింహాచలం ఘాట్ రోడ్డులో స్పాయిలర్‌కి ఏం పని?

విశాఖపట్నంలో కొత్త కారు షోరూం నుంచి నేరుగా ఇంటికి రాదు. ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి ముందు ఆగుతుంది, లేకపోతే అడవివరం మీదుగా ఘాట్ రోడ్డెక్కి సింహాద్రి అప్పన్న సన్నిధికి వెళుతుంది. బానెట్ మీద పసుపు కుంకుమ, గ్రిల్‌కి బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. పూజకి నిలబడ్డ కార్లలో కొన్నిటికి అప్పటికే ఇంకో అలంకారం కూడా అయిపోయి ఉంటుంది. ముందు బంపరు కింద లిప్ అనే నల్లటి అంచు, తలుపుల కింద సైడ్ స్కర్టులు, వెనక బంపరు కింద డిఫ్యూజర్, డిక్కీ మీద స్పాయిలర్. అన్నిటినీ కలిపి బాడీ కిట్ అంటారు.

కార్ డెకర్స్ షాపులో దీన్ని అమ్మే కుర్రాడు మూడు మాటలు చెబుతాడు: గాలిని కోసుకుపోతుంది, కారు రోడ్డుకి అతుక్కుంటుంది, మైలేజీ పెరుగుతుంది. సోకు కోసం అని మాత్రం చెప్పడు, అసలు కారణం అదే అయినా. సోకు తప్పేమీ కాదు. కారు అందంగా ఉండాలనుకోవడానికి భౌతికశాస్త్రం అనుమతి అక్కర్లేదు. అయితే ఆ మూడు మాటలనీ భౌతికశాస్త్రం పేరు మీదే అమ్ముతున్నారు కనక, వాటిని సింహాచలం కొండ మీదే తూచి చూద్దాం.

గాలి లెక్క

కదిలే కారుని గాలి వెనక్కి నెట్టే బలం వేగం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. మనుషులతో కలిపి 1,500 కిలోలున్న ఒక మధ్యరకం ఎస్‌యూవీని తీసుకుందాం. దాని ముఖవైశాల్యం రెండున్నర చదరపు మీటర్లు, గాలి నిరోధ గుణకం 0.36 అనుకుందాం. గంటకు 30 కి.మీ. వేగంలో గాలి దాన్ని నెట్టే బలం నాలుగు కిలోల బరువుకి కూడా సమానం కాదు. 80 కి.మీ. దగ్గర అది 27 కిలోలవుతుంది. 180 కి.మీ. దగ్గర 138 కిలోలు.

ఇప్పుడు కొండెక్కుదాం. ఘాట్ రోడ్డు ప్రతి పన్నెండు మీటర్లకీ ఒక మీటరు లేస్తుందనుకోండి. ఆ వాలు మీద ఇదే కారుని భూమి వెనక్కి లాగే బలం 125 కిలోలు. టైర్లు దొర్లడానికి అయ్యే ఖర్చు మరో 18 కిలోలు. గాలి వాటా నాలుగు కిలోల లోపే. కిట్ పెట్టడం వల్ల గాలి నిరోధం నూటికి మూడు వంతులు తగ్గిందని ఉదారంగా ఒప్పుకుందాం. అంటే ఘాట్ రోడ్డులో మనకి మిగిలింది సుమారు 110 గ్రాముల బలం. ఆ కిట్ బరువు పది కిలోలుంటే, దాన్ని అదే వాలు మీద పైకి లాగడానికి అదనంగా పడే బలం 830 గ్రాములు. కొండ మీద కిట్ సంపాదించిన దానికి ఏడెనిమిది రెట్లు తనే తినేస్తుంది. దిగేటప్పుడు వెనక్కి వస్తుందా అంటే రాదు, అదంతా బ్రేకుల్లో వేడిగా పోతుంది.

పైగా ఆ మూడు వంతులు కూడా నేను ఊరికే ఇచ్చినవే. విండ్ టన్నెల్ ముఖం చూడని భాగం నిరోధాన్ని తగ్గించవచ్చు, పెంచనూవచ్చు. గాలి ఎంత మొండిదో 1984లో ఎస్.ఆర్. అహ్మద్, మరో ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న దిమ్మెతో చూపించారు. మీటరుకి కాస్త ఎక్కువ పొడుగున్న, కారు ఆకారాన్ని తలపించే దిమ్మె అది. దాని వెనక భాగం వాలుని కొద్దికొద్దిగా మారుస్తూ పోయారు. వాలు 30 డిగ్రీల దగ్గరకి వచ్చేసరికి నిరోధం శిఖరానికి చేరింది, ఆ కోణం దాటగానే ఒక్కసారిగా పడిపోయింది. వాలు అంచుల నుంచి పుట్టే రెండు సుడులు అప్పటిదాకా బలంగా ఉండి, ఆ తర్వాత విరిగిపోవడమే కారణం. ఒకటి రెండు డిగ్రీల తేడాతో ఫలితం తలకిందులయ్యే చోట, కంటికి బాగుందని పెట్టిన రెక్క మేలు చేస్తుందో కీడు చేస్తుందో కొలిస్తే తప్ప తెలియదు.

మరి స్పాయిలర్ వట్టి బూటకమా? కాదు. 1998లో వచ్చిన ఆడీ టీటీ అనే కారు గుండ్రటి వీపుతో చూడముచ్చటగా ఉండేది. ఆ గుండ్రటి వీపు మీదుగా గాలి జారిపోతూ వెనక చక్రాలని పైకి లేపేది. జర్మనీ ఆటోబాన్‌ల మీద 180 కి.మీ. దాటిన వేగాల్లో, హఠాత్తుగా లేన్ మారినప్పుడూ వంపుల్లోనూ కార్లు అదుపు తప్పి ప్రాణాలు పోయాయి. చివరికి కంపెనీ అమ్మిన కార్లని వెనక్కి పిలిపించి, సస్పెన్షన్‌లో మార్పులు చేసి, డిక్కీ అంచున చిన్న స్పాయిలర్ బిగించింది. అక్కడ ఆ రెక్కకి పని ఉంది. మన ఎస్‌యూవీకి 80 కి.మీ. దగ్గర గాలి వల్ల వచ్చే తేలిక 1,500 కిలోల మీద ఓ పదకొండు కిలోలు. అంత తేడా వెనక సీటులో ఒక పిల్లవాడు దిగినా వస్తుంది.

విశాఖ వాళ్లకి 180 కి.మీ. గాలి అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు దరిదాపు ఆ వేగంతోనే వీచింది. విమానాశ్రయం టెర్మినల్ పైకప్పు కూడా దానికి నిలవలేదు. గాలికి పట్టు వచ్చేది అలాంటి వేగాల్లో. అడవివరం నుంచి పైకి రెండో గేరులో ఎక్కే కారుకీ ఆ గాలికీ సంబంధం లేదు.

ఒక్క మినహాయింపు చెప్పాలి. హ్యాచ్‌బ్యాక్‌లకి పైకప్పు చివర ఉండే చిన్న చూరు లాంటి స్పాయిలర్ తక్కువ వేగాల్లో కూడా కొంత పనికొస్తుంది. నిటారుగా తెగిన వీపు వెనక గాలి సుళ్లు తిరిగి, చక్రాలు లేపిన బురదని వెనక అద్దానికే తెచ్చి కొడుతుంది; ఆ చూరు దాన్ని కొంత తగ్గిస్తుంది. అందుకే హ్యాచ్‌బ్యాక్‌కి వెనక వైపరు ఉంటుంది, సెడాన్లలో చాలావాటికి ఉండదు.

నేల లెక్క

గాలి పట్టించుకోని లిప్‌ని నేల బాగా పట్టించుకుంటుంది. ముందు టైరు నేలని తాకే చోటు నుంచి బంపరు కొస దాకా 75 సెం.మీ., ఆ కొస కింద ఎత్తు 22 సెం.మీ. ఉన్న మామూలు కారు ఉందనుకోండి. దాని ముక్కు తగలకుండా ఎక్కగల వాలు 16 డిగ్రీలు. ఆరు సెంటీమీటర్ల లిప్ తగిలిస్తే అది 12 డిగ్రీలకి పడిపోతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపులు కొన్ని అయిదుకి ఒకటి వాలుతో కడతారు, అంటే 11 డిగ్రీల పైచిలుకు. కాగితం మీద ఇంకా తగలకూడదు. కానీ ర్యాంపు మొదట్లో బ్రేకు వేస్తే ముక్కు మరో మూడు సెంటీమీటర్లు దిగుతుంది. కోణం పది డిగ్రీల లోపుకి వస్తుంది. కర్రుమని శబ్దం. లిప్ లేకపోతే అదే బ్రేకుతో కూడా 14 డిగ్రీలు మిగిలేవి.

స్పీడ్ బ్రేకర్ సంగతీ అంతే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం హంప్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెం.మీ. ఉండాలి, 25 కి.మీ. వేగంతో దాటేందుకు. దాని అంచు వాలు ఆరు డిగ్రీలే. రెండు ఇరుసులూ దాని మీదే ఉన్నప్పుడు కారు పొట్ట కింద పోయే ఖాళీ అయిదు సెంటీమీటర్ల లోపు. ఏ కిట్ పెట్టిన కారైనా హాయిగా దాటుతుంది. చిక్కల్లా కొలతలేని హంపులతో. మీటరు వెడల్పులో పదిహేను సెంటీమీటర్లు లేపిన దిబ్బ రెండు ఇరుసుల మధ్యకి వచ్చినప్పుడు ఆ పదిహేనూ పొట్ట కిందే పోతాయి. ఖాళీ కారుకి 17 సెం.మీ. ఎత్తుంటే, అయిదుగురు కూర్చుని డిక్కీలో సామాను పెట్టాక పదమూడో పద్నాలుగో మిగులుతుంది. మొదట రాసుకునేది సైడ్ స్కర్టే.

కాబట్టి లిప్ కొనేముందు ఇంచీ టేపు పట్టుకుని, మీ కుటుంబమంతా కారులో కూర్చున్నప్పుడు కొలవండి. షోరూంలో ఖాళీ కారు కింద కొలిచిన కొలత పనికిరాదు.

ఇంకో రెండు సంగతులు ఘాట్ రోడ్డే నేర్పుతుంది. సైడ్ స్కర్టులు కొన్ని జాకీ పెట్టే చోటుని కప్పేస్తాయి. మలుపులో పంక్చరైతే జాకీ స్కర్టుని విరిచేస్తుంది, లేదా అసలు పెట్టడానికి చోటే దొరకదు. రెండోది వేడి. 1,500 కిలోల కారు 200 మీటర్ల ఎత్తు నుంచి దిగిందనుకోండి, వదిలించుకోవలసిన శక్తి సుమారు 29 లక్షల జౌళ్లు. పది లీటర్ల నీళ్లని మామూలు వేడి నుంచి మరిగించడానికి అది చాలు. తక్కువ గేరులో దిగితే అందులో కొంత ఇంజను మింగుతుంది, మిగతాది బ్రేకు డిస్కుల నుంచి గాలికి పోవాలి. అందం కోసం బంపరు కింది గాలి దారులన్నీ మూసేసిన కిట్ ఆ గాలికే అడ్డం నిలబడుతుంది. ఎక్కేటప్పుడు రేడియేటర్‌కీ ఇదే కష్టం.

పీపీ, ఏబీఎస్, ఫైబరు

నా ఉద్దేశంలో బాడీ కిట్ విషయంలో అసలు ప్రశ్న ఆకారం కాదు, పదార్థం. మార్కెట్లో దొరికేవి ముఖ్యంగా మూడు: పాలీప్రొపిలీన్ (పీపీ), ఏబీఎస్ ప్లాస్టిక్, ఫైబర్‌గ్లాస్. కార్బన్ ఫైబర్ అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం ఆ నేత బొమ్మ అచ్చు వేసిన ప్లాస్టిక్కే.

ఫైబర్‌గ్లాస్ విశాఖకి కొత్త కాదు. ఫిషింగ్ హార్బర్‌లో కనబడే ఫైబర్ బోట్లు దానివే. చెక్క తెప్పల స్థానాన్ని తీరమంతటా చాలావరకు అవే ఆక్రమించాయి. పద్ధతి కూడా ఒకటే. మూసకి మైనం పూసి, జెల్ కోట్ వేసి, గాజుపోగుల చాప పరిచి, పాలియెస్టర్ రెజిన్‌లో నూటికి ఒకటి రెండు పాళ్లు గట్టిపడే రసాయనం కలిపి బ్రష్‌తో పట్టిస్తారు. ఖరీదైన యంత్రం అక్కర్లేదు, అందుకే చిన్న షెడ్డులో కూడా ఫైబర్ బంపరు తయారవుతుంది. కానీ గట్టిపడేటప్పుడు పాలియెస్టర్ రెజిన్ ఘనపరిమాణంలో నూటికి అయిదు నుంచి ఎనిమిది వంతులు కుంచించుకుపోతుంది. గాజుపోగు చాలావరకు ఆపుతుంది గానీ, పూర్తిగా ఆపలేదు. మందం ఎక్కువైన చోట ఎక్కువ లాగుతుంది, భాగం మెలి తిరుగుతుంది. పడవకి రెండు మిల్లీమీటర్ల మెలిక లెక్కలోది కాదు. బంపరుకీ హెడ్‌లైటుకీ మధ్య సందులో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆటోనగర్‌లో ఫైబర్ బంపరు బిగించే మేస్త్రీ రోజులో సగం దాన్ని గీకడంలోనూ పుట్టీ పెట్టడంలోనూ గడిపేది ఇందుకే. పైగా అది వంగదు. చిన్న దెబ్బకి పగులుతుంది, పగిలితే మొనలు తేలుతుంది.

కంపెనీ బంపరు పాలీప్రొపిలీన్‌ది. దానికి కొంత రబ్బరు, కొంత టాల్క్ పొడి కలుపుతారు. 200 డిగ్రీలు దాటిన వేడిలో కరిగించి, భారీ ఉక్కు మూసలోకి ఒత్తిడితో ఎక్కిస్తారు. మూస ఖరీదు కోట్లలో ఉంటుంది. లక్షల కార్లు అమ్మేవాడికే గిట్టుబాటు. ఫ్యాక్టరీ కిట్‌కీ బయటి కిట్‌కీ తేడా ఇక్కడే మొదలవుతుంది. దీనికి మంచి ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. పెనుకొండ దగ్గర యర్రమంచిలో ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యంతో కట్టిన కియా ఫ్యాక్టరీ నుంచి 2019 ఆగస్టులో సెల్టోస్ వచ్చింది. మొదటి రోజు నుంచే అది రెండు వేషాల్లో వచ్చింది: టెక్ లైన్, జీటీ లైన్. ఉక్కు శరీరం రెండిటికీ ఒకటే. జీటీ లైన్‌కి బంపరు, కింది అంచులు, ఎర్ర గీతలు వేరు. 2021లో ఎక్స్ లైన్ అని మెరుపు లేని బూడిద రంగులో ఇంకో వేషం వేశారు. ఇవి కూడా బాడీ కిట్లే, కాకపోతే కారుతో పాటే పుట్టినవి. క్లిప్పు కూర్చునే రంధ్రం, సెన్సారు చోటు, నీరు కారే దారి అన్నీ ఒకే డ్రాయింగులో ఉంటాయి. షోరూం కిట్ ఖరీదు ఎక్కువని సణుక్కునేవాళ్లు డబ్బు పెడుతున్నది ఆ రంధ్రాల కోసమని గుర్తు పెట్టుకుంటే చాలు.

మూడోది ఏబీఎస్. షాపుల్లో దొరికే మంచి స్కర్టులు, స్పాయిలర్లు చాలావరకు ఇదే. రంగు బాగా పడుతుంది, ఫైబరంత పెళుసు కాదు. దీని శత్రువు ఎండ. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారుకి నల్లటి స్కర్టు 65 డిగ్రీలకి వేడెక్కిందనుకుందాం, బిగించినప్పుడు 25 ఉందనుకుందాం. 1.8 మీటర్ల ఏబీఎస్ స్కర్టు ఆరున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. దాని వెనకున్న ఉక్కు పెరిగేది ఒక్క మిల్లీమీటరు లోపు. తేడా అయిదున్నర మిల్లీమీటర్లు. ఎంతలే అనిపిస్తుంది. రెండు చివర్లా స్క్రూలతో గట్టిగా బిగించేస్తే ఆ పెరిగిన పొడుగు పక్కకి పోలేదు, బయటికి ఉబ్బాలి. జ్యామితి చెప్పే సమాధానం నమ్మశక్యం కాదు: మధ్యలో ఆరు సెంటీమీటర్ల ఉబ్బుకి అది సరిపోతుంది. మధ్యమధ్య స్క్రూలుంటే ఒక పెద్ద ఉబ్బుకి బదులు చిన్న చిన్న అలలు వస్తాయి, లేదా రంధ్రాల దగ్గర చీలుతుంది. ఫ్యాక్టరీ భాగాలకి గుండ్రటి రంధ్రం ఒక్కటే ఉండి మిగతావి కోలగా ఉండటం ఇందుకే. ఒక చోట పట్టుకుని, మిగతా చోట్ల జరగనివ్వాలి.

రెండువైపులా అంటుకునే ఫోమ్ టేపు ఈ చిక్కుని చక్కగా తీరుస్తుంది. త్రీఎం కంపెనీ 1980లో తెచ్చిన వీహెచ్‌బీ టేపు ఈ జాతిలో పేరున్నది. అది తన మందానికి మూడింతల వరకు పక్కకి సాగి తట్టుకోగలదు. స్కర్టుని మధ్య నుంచి అంటిస్తే ఒక్కో చివర పడే జరుగు మూడు మిల్లీమీటర్ల లోపు, కనక ఒక మిల్లీమీటరు పైచిలుకు మందమున్న టేపు సరిగ్గా సరిపోతుంది. అయితే టేపు వేసిన గంటకే నీళ్లు కొట్టి కారు కడిగేస్తే మొత్తం శ్రమ వృథా. జిగురు ఉపరితలంలోని సన్న గుంటల్లోకి పారి కుదురుకోవడానికి టైము కావాలి. మామూలు వేడిలో ఇరవై నిమిషాలకి సగం పట్టు, ఒక రోజుకి తొంభై వంతులు, మూడు రోజులకి పూర్తి పట్టు వస్తుంది. ఆ మూడు రోజులూ కారు కడగకండి, కొండా ఎక్కించకండి.

పాలీప్రొపిలీన్ మీద మాత్రం ఈ టేపు కూడా ఉత్తపుణ్యానికి అంటుకోదు. దాని ఉపరితల శక్తి మీటరుకి 30 మిల్లీన్యూటన్లే. నీటికి 72 ఉంటుంది కాబట్టి తామరాకు మీద బొట్టులా నీరు దాని మీద గుండ్రంగా ముడుచుకుంటుంది. జిగురూ అంతే, రంగూ అంతే. ఫ్యాక్టరీలో బంపరుని మంటతో క్షణకాలం తాకించి, లేదా ప్రత్యేకమైన ప్రైమర్ వేసి ఆ మొండితనం వదిలిస్తారు. ఆ ప్రైమర్ వెయ్యకుండా నేరుగా రంగు కొట్టిన లిప్ మీద ఏడాది తిరక్కుండా పొరలు లేస్తాయి. మీ పెయింటర్‌ని ‘అన్నా, ప్లాస్టిక్ ప్రైమర్ ఏది వాడుతున్నావు?’ అని అడగండి. ప్రశ్న అర్థం కానివాడికి బంపరు ఇవ్వకండి.

రంధ్రం పెడితే

స్క్రూ కోసం రంధ్రం పడేది కారు రేకులో. విశాఖది ఉక్కు నగరం గదా, ఆ రేకు ఇక్కడే తయారవుతుందా? లేదు. స్టీల్ ప్లాంటులో తయారయ్యేవి పొడుగు ఉత్పత్తులు: కడ్డీలు, వైర్ రాడ్లు, రౌండ్లు, స్ట్రక్చరల్స్. కారు శరీరానికి కావలసిన పల్చటి రేకు ఆ మిల్లుల్లో రాదు. అయినా విశాఖకి దానితో బంధుత్వం ఉంది. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని కిరండూల్‌లో పొడి చేసి, నీళ్లు కలిపి, 267 కి.మీ. గొట్టం గుండా విశాఖకి పంపుతారు. ఇక్కడ దాన్ని గుళికలుగా కాల్చి, ఓడల్లో గుజరాత్‌లోని హజీరాకి చేరుస్తారు. హజీరాలో అది రేకవుతుంది, కార్ల కంపెనీలకీ వెళుతుంది. పూజకి వచ్చిన కారు తలుపులో బైలదిల్లా ఖనిజం ఉంటే, అది ఒకసారి ఈ ఊరు దాటి వెళ్లి మళ్లీ వచ్చినట్టే.

ఆ రేకు మందం ముప్పాతిక మిల్లీమీటరుకి అటూ ఇటూ. దాని మీద చాలా కార్లలో పది మైక్రాన్ల లోపు జింకు పొర ఉంటుంది. ఆ తర్వాత శరీరం మొత్తాన్ని రంగునీటి తొట్టిలో ముంచి, రెండు మూడు వందల వోల్టుల విద్యుత్తు పెడతారు. మూలమూలలకీ పాకి, ఇరవై మైక్రాన్ల పొర అంటుకుంటుంది. దాన్ని 160 డిగ్రీల పైన కాలుస్తారు. కారు ఒంటికి అసలైన రక్షణ ఇదే, పైన మెరిసే రంగు దాని తర్వాతే. స్కర్టు కోసం మేస్త్రీ డ్రిల్లు పెట్టిన క్షణంలో రంధ్రం అంచున ఈ రెండు పొరలూ పోతాయి.

వేరే ఊళ్లో అయితే అది కొన్నేళ్లు ఓపిక పట్టవచ్చు. ఇక్కడ పట్టదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తనే నీరు పీల్చి ద్రవమవుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, దానికి 33 శాతం చాలు. అంటే విశాఖ గాలిలో ఉప్పు పడ్డ ఇనుము వాన లేని రోజున కూడా తడిగానే ఉంటుంది. దానికి తోడు పోర్టు బొగ్గు దుమ్ము, ఖనిజపు దుమ్ము. కైలాస కొండలకీ యారాడ కొండకీ మధ్య గిన్నెలా ఉన్న నేల మీద ఆ దుమ్ము తేలిగ్గా కదిలిపోదు. స్కర్టుకీ రేకుకీ మధ్య సందులో చేరి, తేమని పట్టి ఉంచుతుంది. తుప్పు తను తిన్న ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. రంగు కింద పొంగు కనిపించేసరికి లోపల పని చాలావరకు అయిపోయి ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్క్రూ వాడాం, భయం లేదు అంటారు. స్క్రూకి భయం లేదు నిజమే. చుట్టూ ఉన్న, తనకంటే తక్కువ జాతి లోహమైన రేకుని అది తుప్పుకి మరింత త్వరగా తినిపిస్తుంది.

తలుపుల కింద గొట్టంలా ఉండే భాగానికి అడుగున నీరు కారే చిల్లులు ఉంటాయి. చవక స్కర్టులు వాటిని మూసేస్తాయి. డ్రిల్లు పెట్టకపోయినా ఈ ఒక్క పొరపాటు చాలు. కిట్ బిగించే ముందు కారు కింద పడుకుని ఆ చిల్లులు ఎక్కడున్నాయో చూసుకోవడం మేస్త్రీ బాధ్యత, చూశాడో లేదో అడగడం మీ బాధ్యత.

కళ్లూ చెవులూ

పాత కారుకి బంపరు అంటే బంపరే. ఇప్పుడది కారు జ్ఞానేంద్రియం. ప్లాస్టిక్ తొడుగు వెనక దెబ్బని మింగే ఫోమ్ దిమ్మె, దాని వెనక లోహపు దూలం ఉంటాయి. 2019 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ వెనక పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి. ఖరీదైన వాటిలో ముందు రాడార్ కూడా ఉంటుంది, 77 గిగాహెర్ట్జ్ దగ్గర పని చేస్తుంది, తరంగదైర్ఘ్యం నాలుగు మిల్లీమీటర్ల లోపు. అంత పొట్టి తరంగానికి ముందున్న ప్లాస్టిక్ మందం అరమిల్లీమీటరు మారినా తేడా తెలుస్తుంది. మెటాలిక్ రంగు మందంగా వేసినా, పుట్టీ పెట్టినా చూపు మసకబారుతుంది. అసలైన కార్బన్ ఫైబర్ విద్యుద్వాహకం కాబట్టి దాని వెనక రాడార్ పూర్తి గుడ్డిది. ఆ మాటకొస్తే పూజ దండ కూడా రాడార్ మీద పడితే కొన్ని కార్లు హెచ్చరిక దీపం వెలిగిస్తాయి. కొండ దిగేముందు దండని కాస్త పక్కకి జరిపితే అప్పన్న ఏమీ అనుకోడు.

ఇనుప బుల్ బార్ల గురించి ఒక్క మాట చాలు. దెబ్బని మింగాల్సిన దిమ్మెని దాటేసి, బలాన్ని నేరుగా ఛాసిస్‌కి పంపుతాయి, నడిచేవాళ్లని చంపుతాయి. కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే వీటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది.

చట్టం కూడా క్లుప్తంగానే చెప్పుకుందాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకి అయిదు వేల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. టేపుతో అంటించిన లిప్ వేరు, ఫెండర్లు కోసి వెడల్పు చేయడం వేరు. నంబరు ప్లేటునీ లైట్లనీ కప్పేది ఏది పెట్టినా రోడ్డు మీద పోలీసులు కారుని ఆపగలరు. కిట్ బిగించాక ఇన్సూరెన్స్ వాళ్లకి రాతపూర్వకంగా చెప్పండి. పాలసీలో లేని వస్తువుకి క్లెయిము రాదు.

ఇంతకీ ఏది కొనాలి? కారు ఇంకా కొననివాళ్లయితే, మీకు నచ్చిన వేషం ఉన్న వేరియంటునే కొనండి, లేదా డెలివరీకి ముందే కంపెనీ యాక్సెసరీల జాబితాలోంచి పెట్టించుకోండి. కారు ఉన్నవాళ్లయితే, ఉన్న క్లిప్పు రంధ్రాలకి సరిపోయేవీ టేపుతో నిలిచేవీ అయిన పీపీ, ఏబీఎస్ భాగాలే చూడండి. రంగు వేయించకముందే ఒకసారి కారు మీద పెట్టి సందులు చూసుకోండి. తాకే చోట రంగుని కాపాడే పారదర్శక ఫిల్ము వేయించండి, లేకపోతే మధ్యలో చేరిన ఇసుక గరుకుకాగితం పని చేస్తుంది. బంపరు మొత్తం మార్చే ఫైబర్ కిట్లు రేసు ట్రాకుకి బాగుంటాయి, అవి పగిలితే కొత్తది తెచ్చుకునే జట్టు అక్కడ వెంటే ఉంటుంది. విశాఖ రోడ్డు మీద తిరిగే కుటుంబపు కారుకి అవి వద్దు. డ్రిల్లు తీసే మేస్త్రీ దగ్గరికి అసలే వద్దు.

షాపులో ఒక్క పని చెయ్యండి. ఇష్టపడ్డ భాగాన్ని తిరగేసి వెనక వైపు చూడండి. ఫ్యాక్టరీ అచ్చులో పోసిన వాటికి సాధారణంగా కోణపు గుర్తుల మధ్య ఏ ప్లాస్టిక్కో అక్షరాల్లో ముద్రించి ఉంటుంది, పీపీ అనో ఏబీఎస్ అనో, పక్కన టీ20 అంటే నూటికి ఇరవై పాళ్లు టాల్క్ అనో. గుర్తు లేకపోతే పదార్థం పేరు బిల్లు మీద రాసిమ్మని అడగండి. రాయనంటే ఇంకో షాపు చూసుకోండి.